శివరాత్రి లోపల

హైదరాబాదు చలికాలం పొట్టిది. కార్తీకంలో మొదలై శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలనే మాట ఈ ఊరికి అక్షరాలా సరిపోతుంది. మార్చి వచ్చిందంటే పొద్దున తొమ్మిదికే బండ కాలుతుంది. జూన్ నుంచి దసరా దాకా వానను నమ్మి ఎవరికీ మాటివ్వలేం. గుట్ట ఎక్కడానికీ, చెరువు గట్టున కూర్చోవడానికీ, రాత్రి ఆరుబయట చుక్కలు చూడటానికీ అనువైన వారాంతాలు ఏడాది మొత్తం మీద పదిహేను ఉంటే గొప్ప. అందులోంచి మార్గశిరం పెళ్లిళ్లు, సంక్రాంతి ప్రయాణం, ఆఫీసులో డిసెంబరు హడావుడి, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి పట్టే జలుబు తీసేయండి. చేతిలో మిగిలేవి ఆరో ఏడో. ఈ అధ్యాయం ఆ ఆరేడింటి గురించే.

శ్రీనగర్ కాలనీ, ఎల్లారెడ్డిగూడ, కమలాపురి కాలనీల్లో అద్దెకుండే దంపతుల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇద్దరూ ఉద్యోగస్తులే. ఒకరు మాదాపూర్ వైపు, ఇంకొకరు సికింద్రాబాద్ వైపు. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో కలిసేసరికి మిగిలే మాటలు గ్యాస్ బుకింగు, నీళ్ల ట్యాంకరు, పనమ్మాయి నాగాలు. నిజానికి బయటికి పోవడానికి ఇంతకంటే వీలైన చోటు ఊళ్లో లేదు. మెట్రో రెండు లైన్లు అమీర్‌పేటలో కలుస్తాయి. బేగంపేట స్టేషను తెల్లవారుజామున ఆటోలో పది నిమిషాలు. కేబీఆర్ పార్కు మూడు కిలోమీటర్లు. ఎటు పోవాలన్నా దగ్గరే కదా, ఎప్పుడైనా పోవచ్చులే అనుకుంటూ ఎటూ పోకుండా ఉండిపోయేది కూడా ఈ కాలనీవాళ్లే. శనివారం సాయంత్రం పంజాగుట్ట దాకా వెళ్లి, పార్కింగు కోసం తిరిగి, ఏదో ఒకటి తినేసి రావడంతో వారాంతం అయిపోతుంది.

ఎందుకిలా అవుతుందో చూడాలంటే శుక్రవారం రాత్రి పదిన్నరకు ఏ ఇంట్లో అయినా చెవి పెట్టి వినండి.

"రేపు ఎటైనా వెళ్దామా?"

"మీ ఇష్టం."

"నాదేముంది, నువ్వు ఎక్కడికంటే అక్కడికి."

"వాళ్లను కూడా అడుగుదామా?"

"ఇప్పుడేం అడుగుతాం, పడుకునుంటారు."

ఇక్కడ ఇద్దరూ ఉదారంగా మాట్లాడుతున్నట్టే ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ ఏదీ కాదనలేదు. కానీ చోటు ఎంచుకునే భారం, అది బాగుండకపోతే మోయాల్సిన నింద, రెండూ ఎదుటివాళ్ల నెత్తిన పెట్టడమే ఈ మర్యాద వెనకున్న అసలు సంగతి. పొద్దున ఎనిమిదిన్నరకు లేచేసరికి ఎండ ముదిరి ఉంటుంది. "నిన్ననే చెప్పి ఉంటే" అన్న మాటతో శనివారం మొదలవుతుంది.

వనభోజనాల పద్ధతి

మన ప్లాన్లు జరగవు, కార్తీక వనభోజనాలు మాత్రం తరాలుగా జరుగుతూనే ఉన్నాయి. ఎందుకో ఆలోచిస్తే చాలా ఆచరణసాధ్యమైన కారణాలు కనిపిస్తాయి. మొదటిది, తేదీ ఎవరి ఇష్టానికీ వదల్లేదు. కార్తీకమాసం అయిపోయిందంటే మళ్లీ ఏడాదికే. రెండోది, చోటు ఊరి పక్క తోటే. ఉసిరిచెట్టు ఎక్కడుంటే అక్కడ. ఆ చెట్టు ఎంత గొప్పది, దాని కింద ఫొటో ఎలా వస్తుంది అని ఎవరూ వాదించుకోరు. మూడోదే అన్నిటికంటే ముఖ్యమైనది. పులిహోర ఒకరింట్లోంచి, గారెలు ఇంకొకరింట్లోంచి, పెరుగు మరొకరింట్లోంచి వస్తాయి. గారెలు ఒప్పుకున్న మనిషి రాకపోతే ముప్ఫైమంది అడుగుతారు. కాబట్టి వస్తుంది. పొద్దుగూకేలోపు అందరూ ఇల్లు చేరతారు. (నగరాల్లో కులసంఘాల పేరుతో జరిగే వనభోజనాల సంగతి వేరు. వాటిని ఈ పుస్తకంలోకి లాగను.)

ఈ పద్ధతిని మన వారాంతానికి పట్టుకొస్తే చాలు, కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. గురువారం రాత్రి తొమ్మిదికల్లా చోటు, బయల్దేరే టైము ఖాయం చేయాలి. శుక్రవారం కాదు, గురువారం. శుక్రవారం అందరికీ బడలిక ఉంటుంది, ఆ బడలికలో ఎవరడిగినా రామనే అంటారు. చోటు ఈ వారం భార్య ఎంచుకుంటే వచ్చే వారం భర్త. ఎంచుకున్నవాళ్లే దారి చూసుకోవాలి, వేళలు కనుక్కోవాలి. రెండోవాళ్లకు నోరు మెదపకుండా వెళ్లే బాధ్యత ఉంటుంది. మరుసటి వారం తమ వంతు వస్తుంది కాబట్టి అదేం కష్టం కాదు. వచ్చే ప్రతి మనిషికీ ఒక వస్తువు అప్పజెప్పాలి. జామకాయలు నీవి, ఫ్లాస్కులో టీ నీది, మందుల డబ్బా నీది. "అందరూ తలా ఏదో ఒకటి తెండి" అంటే నాలుగు చిప్స్ ప్యాకెట్లు వస్తాయి, మంచినీళ్లు రావు.

వంట గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఐదింటికి బయల్దేరడం కోసం ఇంటి ఇల్లాలు మూడింటికి లేచి పులిహోర కలుపుతుంటే దానికి విహారమని పేరు పెట్టకండి. ఆమెకు అది ఇంకో డ్యూటీ. దద్దోజనం ముందురోజు రాత్రి భర్త కలిపి పెట్టినా చెడదు, పాలు కాస్త ఎక్కువ పోస్తే పొద్దునకు పులవదు కూడా. అది కూడా చేతకాకపోతే చీకటి విడకముందే పెనం వేడెక్కే టిఫిన్ బండ్లు అమీర్‌పేట చుట్టుపక్కల ఎన్ని కావాలంటే అన్ని. కోచింగ్ సెంటర్ల పిల్లలు, కృష్ణానగర్‌లో సినిమా యూనిట్ బండ్ల కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు వాటిని బతికిస్తున్నారు. వాళ్ల పక్కన నిలబడి ఇడ్లీ పార్సిల్ కట్టించుకోవడం కూడా ప్రయాణంలో భాగమే. చట్నీ మాత్రం వేరే కవర్లో కట్టమనండి.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి

మొదటి నెల పెట్టుకోవాల్సిన నియమం ఒక్కటే. మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఉండాలి. ఇలా అనగానే చాలామంది నీరుగారిపోతారు. గోవా, కూర్గ్, లంబసింగి అని కలలు కన్నవాళ్లకు సగంరోజు విహారం చిన్నతనంగా అనిపిస్తుంది. కానీ సగంరోజు పోయేవాడికి సెలవు అక్కర్లేదు, హోటల్ గది అక్కర్లేదు, బట్టలు సర్దక్కర్లేదు. రెండింటికి ఇంటికొచ్చి అన్నం తిని గంటసేపు నిద్రపోతే ఆదివారానికి ఒళ్లు తేలికవుతుంది. ఉతకాల్సిన బట్టలూ ఎదురుచూస్తూ ఉంటాయి కదా. రెండురోజుల ప్రయాణం పెట్టుకుని సోమవారం ఆఫీసులో కునికిపాట్లు పడినవాళ్లు మళ్లీ రెండునెలల దాకా ఆ ఊసెత్తరు.

డిసెంబరు, జనవరిలో ఇక్కడ సూర్యుడు ఆరున్నర దాటాకే వస్తాడు. అంటే చీకట్లో లేవాలన్న భయం సగం తగ్గినట్టే. చలి గురించి కూడా బెంగ వద్దు. హైదరాబాదులో ఇప్పటిదాకా నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. మామూలు చలికాలం ఉదయాలు పదమూడు పద్నాలుగు డిగ్రీల దగ్గర ఆగుతాయి. ఒక స్వెట్టరు, చెవులకు మఫ్లరు చాలు. ఎక్కడం మొదలుపెట్టిన పావుగంటకు స్వెట్టరు నడుముకు చుట్టుకోవాల్సిందే.

మొదటి శనివారం కేబీఆర్ పార్కుకు మించింది లేదు. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన అడవి అది, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య మిగిలిపోయింది. నెమలి రోడ్డు దాటుతుంటే ఆగి చూడటానికి ఎంట్రీ టికెట్టు తప్ప ఖర్చు లేదు. రెండో శనివారం ఖాజాగూడ గుట్టలు. దక్కను గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పక్కనే లేచిన అద్దాల భవనాల వయసు ఇరవై కూడా ఉండదు. బండకు చేతులు పట్టించి ఎక్కడం నేర్చుకునే కుర్రాళ్లు, నేర్పే క్లబ్బులవాళ్లు చలికాలం పొద్దున్నే అక్కడ కనిపిస్తారు. అడిగితే చెప్తారు, సిగ్గుపడక్కర్లేదు. బైనాక్యులర్ అరువు దొరికితే అమీన్‌పూర్ చెరువుకు వెళ్లండి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో ఒక నగర చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. పొద్దున ఏడింటికి మంచు తెరలోంచి గులాబీరంగు రాజహంసలు ముక్కులు నీళ్లలో ముంచి నడుస్తుంటే, పక్షుల పేర్లు ఒక్కటీ తెలియనివాళ్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు. వారమంతా ఒకరి మీద ఒకరు అరుచుకున్న జంటకు ఆ గంట గుసగుసలు మంచి మందు.

భువనగిరి

చేతులు కాళ్లు కాస్త అలవాటయ్యాక పోవాల్సింది భువనగిరి. వరంగల్ హైవే మీద యాభై కిలోమీటర్లు. ఐదింటికి బయల్దేరితే ఘట్‌కేసర్ దాటేసరికి ఆకాశం తెల్లబడుతుంది. దూరం నుంచే కనిపించే ఆ గుట్ట ఒకే రాయి. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. ఆయన కాలం 1076 నుంచి 1126. కోటగుమ్మాలు, మెట్లు దాటాక ఉట్టి బండ వాలు వస్తుంది. పైన పాత మహలు గోడలు, నీళ్లు నిలిచే దొనలు. మాట్లాడుకుంటూ ఆగుతూ ఎక్కినా గంటలోపే.

ఈ బండ మీదే మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తాడు పట్టడం నేర్చుకున్నారు. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు వాళ్లు. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఈ సంగతి దారిలో చెప్పండి. మోకాళ్లు నొప్పులని నసిగే మిత్రుడు మారు మాట్లాడకుండా ఎక్కుతాడు.

ఎక్కడంలో కంటే దిగడంలోనే మనిషి బయటపడతాడు. మా కాలనీ జంటను ఒకసారి అక్కడ చూశాను. ఆయన పొద్దుట్నుంచీ ట్రెక్కింగు బూట్ల గురించి, వాటి అడుగున ఉన్న రబ్బరు గురించి మిత్రులకు ఉపన్యాసం ఇస్తూ వచ్చాడు. ఎక్కేటప్పుడు అందరికంటే ముందు. దిగేటప్పుడు ఆ వాలు మధ్యలో కింది ఊరి ఇళ్లు అగ్గిపెట్టెల్లా కనిపించేసరికి కాళ్లు కదల్లేదు. రెండు చేతులూ వెనక్కి ఆనించి బండ మీద కూర్చుండిపోయాడు. గుంపులో ఒక కుర్రాడు నవ్వుతూ ఫోన్ తీశాడు. ఆవిడ వెనక్కి తిరిగి, "ఫోన్ జేబులో పెట్టు తమ్ముడూ" అంది. గొంతు పెంచలేదు. తర్వాత రెండడుగులు పైకెక్కి ఆయనకు కాస్త కింద అడ్డంగా నిలబడి, "కిందికి చూడకండి. నా పాదాలు చూడండి. నేనెక్కడ పెడితే అక్కడే పెట్టండి" అంది. ఆవిడ కాళ్లకు మామూలు కాన్వాస్ బూట్లు, పాదాలు అడ్డంగా తిప్పి వాలుకు ఆనించి దిగుతోంది. పది నిమిషాల్లో ఇద్దరూ మెట్ల దాకా వచ్చారు. కింద టీ తాగేటప్పుడు ఆయన మళ్లీ బూట్ల ఊసెత్తలేదు. ఆవిడా ఎత్తలేదు. ఆ రెండోదే గొప్ప విషయం. ఇంట్లో ఆయన ఈఎంఐలు కట్టే మనిషి, ఆవిడ కరెంటు బిల్లు గుర్తుచేసే మనిషి. ఆ పది నిమిషాలు ఇద్దరికీ అవేవీ లేవు.

మిత్రులతో కలిసి వెళ్లమని చెప్పడం కూడా ఇందుకే. జంట ఒక్కటే కారులో కూర్చుంటే ఇంటి మాటలే కారెక్కుతాయి. నలుగురిలో ఉన్నప్పుడు మన మనిషి ఇతరులకు దారి చెప్పడం, పాటలు తీయడం, భయపడ్డవాళ్లకు చెయ్యందించడం చూస్తాం. పెళ్లికి ముందు ఎందుకు నచ్చారో అప్పుడు గుర్తొస్తుంది.

దిగాక ఇంకా ఓపిక ఉంటే మధ్యాహ్నం రెండింటి నియమాన్ని ఆ ఒక్కరోజు సడలించి భూదాన్ పోచంపల్లి మీదుగా రండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచి నిలబడిన ఊరు అది. భూదానోద్యమం అక్కడ పుట్టింది. చీర కొనే పని పెట్టుకోకండి, కొన్నా తప్పులేదు. ఒక నేతన్న ఇంట్లో కూర్చుని నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్దడం, మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఆసు పోయడం చూడండి. చేత్తో ఆసు పోస్తే ఒక చీరకు తొమ్మిదివేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టి, ఆమె పేరే దానికి పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంట్లో మనిషి రోజూ చేసే పని వంక ఒకసారి అలా చూడటం గురించి ఈ పుస్తకంలో ఇంకెక్కడా ఇంత బాగా చెప్పలేను.

రైలెక్కి మూసీ దాకా

డ్రైవింగు ఎప్పుడూ ఒకరి మీదే పడితే ఆ ఒకరికి వారాంతం లేనట్టే. కాబట్టి ఒక శనివారం కారును సెల్లారులోనే ఉంచండి. వికారాబాద్ వైపు వెళ్లే రైళ్లలో కొన్ని బేగంపేటలో ఆగుతాయి. వేళలు మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి. వికారాబాద్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే అనంతగిరి కొండలు, అనంత పద్మనాభస్వామి గుడి. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచిన నది, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఈ ఊరికి రప్పించిన నది, గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టించిన నది ఇక్కడ పిల్లకాలువ. అది చూసొచ్చాక చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకునేటప్పుడు కాస్త బాధ కలుగుతుంది, కలగాలి కూడా.

కోట్‌పల్లి జలాశయంలో పడవ నడపాలని కుర్రాళ్లు ఉబలాటపడతారు. నడపండి, లైఫ్ జాకెట్ బిగించుకుని, నిర్వాహకులు చూపిన హద్దు లోపల. ఈత వచ్చినవాళ్లకు కూడా ఈ మాటే. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువ ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. నీళ్లు నిశ్చలంగా కనిపించడం ఏ భరోసా ఇవ్వదు. చెరువు, కాలువ, ఆనకట్ట దిగువ ఏదైనా సరే, ఎవరో ఒకరు "ఏం కాదు, రా" అంటే కాదనే ఒక మనిషిని గుంపులో ముందే నియమించుకోండి. ఆ మనిషి మాటకు ఆ రోజు అప్పీలు ఉండకూడదు.

పొద్దున్నే లేవలేనివాళ్లకు

కొందరు లేవలేరు. రాత్రి షిఫ్టులవాళ్లు, పసిపిల్లల తల్లులు. వాళ్లను సోమరులని దెప్పే వ్యక్తిత్వ వికాస గ్రంథాలు చాలా ఉన్నాయి, ఇది ఆ జాబితాలో చేరదు. వాళ్లకు చలికాలం సాయంత్రాలున్నాయి.

జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా నాంపల్లిలో నుమాయిష్. ఉస్మానియా పట్టభద్రులు కొందరు పూనుకుని 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు. అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో మెట్రో ఎక్కితే మారకుండా గాంధీభవన్ స్టేషన్లో దిగొచ్చు. కశ్మీరు శాలువాలు, మిర్చీ బజ్జీ, జెయింట్ వీల్. అందరూ చేసేదే, కానీ ఒక పందెం పెట్టుకుంటే రుచి మారుతుంది. గుంపును జంటలు విడగొట్టి జట్లు చేయండి, ఒకరి భార్య ఇంకొకరి చెల్లెలితో, ఒకరి భర్త పెళ్లికాని మిత్రుడితో. ఒక్కో జట్టుకు రెండొందల రూపాయలు, ముప్పావుగంట. అందులో అందరికంటే పనికిమాలిన వస్తువు ఎవరు కొనుక్కొస్తే వాళ్లు గెలిచినట్టు. ఇంతకంటే తక్కువ ఖర్చులో ఇంత నవ్వు నాకు తెలిసి ఈ ఊళ్లో దొరకదు.

చుక్కలు చూడటం ఇంకో సాహసం. మన కాలనీకి కూతవేటు దూరంలో, బేగంపేటలో ఇప్పుడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఉన్న ఆవరణలోనే ఒకప్పుడు నిజామియా వేధశాల నడిచింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలో మొదలుపెట్టారు, ఆయన పోయాక ప్రభుత్వం తీసుకుని ఇక్కడికి మార్చింది. ప్రపంచ దేశాలు కలిసి తయారుచేసిన ఆకాశపటంలో మన వంతు పడిన భాగాన్ని ఇక్కడి ఖగోళవేత్తలు కొలిచారు, నాలుగున్నర లక్షలకు పైగా నక్షత్రాలు. ఈ రోజు అదే చోట నిలబడితే పంజాగుట్ట ఫ్లైఓవర్ దీపాల వెలుగులో పట్టుమని పాతిక కనిపిస్తే ఎక్కువ. అందుకే ఏటా డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు రాలేటప్పుడు ఔటర్ దాటి తెలిసినవాళ్ల పొలానికో తోటకో వెళ్లాలి. ఆ రోజు చంద్రుడు ఎంతున్నాడో కేలెండరులో చూసుకోండి, పౌర్ణమి దగ్గరైతే శ్రమ దండగ. నేలమీద జంపఖానా పరిచి, వెల్లకిలా పడుకుని, ఫోన్లన్నీ ఒక సంచిలో వేయండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలిగిందంటే మళ్లీ మొదటికే. ఉడకబెట్టిన అనపకాయలు, కందికాయలు ఉప్పు వేసి ఒక గిన్నెలో పెట్టుకుంటే రెండు గంటలు ఇట్టే గడుస్తాయి. ఆ చీకట్లో మాట్లాడుకునే మాటలు వెలుతురులో ఎవరూ మాట్లాడరు, పెళ్లయి పదేళ్లయినా సరే.

నలుగురితో పోయేటప్పుడు

ఎంతమంది? ఒక కారుకు, మహా అయితే రెండు కార్లకు సరిపడేంత. పదిమంది దాటితే అది పెళ్లి బృందం. అందరూ దంపతులే కానక్కర్లేదు, ఒంటరిగా ఉండే ఒక మిత్రుణ్ని, ఊరికి కొత్తగా వచ్చిన ఒక సహోద్యోగిని పిలవండి. అమీర్‌పేట హాస్టళ్లలో ఆదివారాలు ఎంత పొడుగ్గా ఉంటాయో అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు.

కారులో మగవాళ్లిద్దరూ ముందు, ఆడవాళ్లు వెనక అన్న కూర్పు మనకు అలవాటు. ముందు సీట్లలో క్రికెట్టు, షేర్లు, వెనక సీట్లలో అత్తగార్లు. ఒకే కారులో రెండు ప్రయాణాలు. వెళ్లేటప్పుడు ఎలా కూర్చున్నా తిరిగొచ్చేటప్పుడు సీట్లు మారండి. డ్రైవింగు కూడా వచ్చినవాళ్లందరూ పంచుకోవాలి, "నువ్వు హైవే మీద నడపలేవులే" అన్న మాట నలుగురిలో భార్యతో అన్నవాడికి ఆ రోజు టీ ఖర్చు జరిమానా.

డబ్బు ఒకరే పెట్టి, లెక్క ఆ రాత్రే గ్రూపులో వేసేయాలి. పెట్రోలు, టోలు, టిఫిను, అంతే. వారం ఆలస్యమైతే అడగడానికి మొహమాటం, రెండు వారాలైతే మనసులో నలుపు. ఎన్నో స్నేహాలు మూడొందల అరవై రూపాయల దగ్గర ఆగిపోతాయి. ఎవరికైనా ఆ నెల ఇబ్బందిగా ఉందని తెలిస్తే కేబీఆర్ పార్కుకే వెళ్లండి, కారణం చెప్పకుండా.

పిల్లల్ని, పెద్దవాళ్లను తీసుకెళ్లాలా అని అడుగుతారు. రెండు వారాలకోసారి తీసుకెళ్లండి, మిగతాసారి అత్తయ్యనో పిన్నినో పిల్లల దగ్గర ఉండమని అడగండి. అడిగితే వాళ్లేం అనుకోరు. అనుకుంటారేమోనని మనమే అనుకుంటాం.

వచ్చేది మార్గశిరమైనా, పుష్యమైనా, మాఘమైనా సరే, ఈ వారానికి భువనగిరి దాకా కూడా వద్దు, కేబీఆర్ చాలు. గురువారం రాత్రి తొమ్మిదిలోపు ఇద్దరికి ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టకండి, ఫోనే చేయండి. శనివారం ఆరున్నరకు గేటు దగ్గర, జామకాయలు మావి, టీ మీది అని చెప్పండి. వాళ్లు రాలేమంటే మీరిద్దరే వెళ్లండి, కానీ వెళ్లండి.